ఫెర్రోసీన్‌తో మలేరియా కాంపౌండ్: వైజాగ్ ల్యాబ్ డైరీ

లోహం ఉన్న మలేరియా కాంపౌండ్ మీద ప్రాజెక్టు చేస్తామని ఏటా ఒకరిద్దరు ఎమ్మెస్సీ పిల్లలు మా ల్యాబ్‌కి వస్తుంటారు. అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు, అవే చోట్ల ఇరుక్కుంటారు. అందుకని నా నోట్‌బుక్‌లోంచి పనికొచ్చే పేజీలు ఇక్కడ పెడుతున్నా. బాగా వచ్చిన రోజుల గురించి తక్కువ ఉంటుంది.

చేయాల్సినవి రెండు కాంపౌండ్లు. మొదటిది, క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందులో ఉండే 7-క్లోరోక్వినోలిన్ ముక్కకి రెండు కార్బన్ల గొలుసు, ఆ గొలుసు కొసన ఫెర్రోసీన్ (ఐదేసి కార్బన్ల వలయాలు రెండు, మధ్యలో ఇనుము). దీన్ని ‘ఎఫ్’ అంటాను. రెండోది అచ్చం అదే, కాకపోతే ఫెర్రోసీన్ ఉండాల్సిన చోట మామూలు బెంజీన్ వలయం. ఇది ‘పి’.

పి మందవుతుందన్న ఆశ ఎవరికీ లేదు. కానీ అది పక్కన లేకపోతే ఎఫ్‌కి వచ్చిన అంకెలో ఇనుము వాటా ఎంతో తేలదు. చాలా రిపోర్టుల్లో లోహపు కాంపౌండ్‌ని తీసుకెళ్లి నేరుగా క్లోరోక్విన్ పక్కన నిలబెట్టి ‘లోహం వల్ల శక్తి పెరిగింది’ అని రాసేస్తారు. గొలుసు మారింది, కొస మారింది, లోహం వచ్చింది. మూడూ ఒకేసారి మారితే దేనివల్ల పెరిగిందని చెప్తారు?

ఈ దారి కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లోని లీల్‌లో బియో, బ్రొకార్ బృందం క్లోరోక్విన్ గొలుసు మధ్యలో ఫెర్రోసీన్ ఇరికించి, 1997లో ఫెర్రోక్విన్‌ని ప్రచురించింది. సనోఫీ కంపెనీ దాన్ని రోగుల మీద ట్రయల్స్ దాకా తీసుకెళ్లింది. అంతకు ఒక ఏడాది ముందు వెనిజులాలో సాంచెజ్-డెల్గాడో బృందం క్లోరోక్విన్‌కి రుథీనియం, రోడియం తగిలించి చూసింది, తర్వాత అక్కడే బంగారం కూడా. రుథీనియం, బంగారం మా బడ్జెట్‌కి అందవు. ఫెర్రోసీన్ కార్బాక్సాల్డిహైడ్ అందుతుంది. ఎంపిక వెనక ఇంతకు మించిన సైన్స్ లేదు.

దశ 1: గొలుసు తగిలించడం

1. 4,7-డైక్లోరోక్వినోలిన్ 2.0 గ్రా. (10.1 మిల్లీమోల్), ఇథిలీన్ డైఅమీన్ 10 మి.లీ. ఒకే ఫ్లాస్క్‌లో. వేరే సాల్వెంట్ అక్కర్లేదు.
2. ఆయిల్ బాత్ 80 డిగ్రీల దగ్గర గంట, తర్వాత 135 దగ్గర 3 గంటలు. పైన కండెన్సర్, దాని మీద కాల్షియం క్లోరైడ్ గొట్టం.
3. చల్లారాక ఐస్ నీళ్లలో పోసి, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో క్షారం చేయాలి.
4. ఫిల్టర్ చేసి, చల్లటి నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి.

డైఅమీన్ వృథా ఎందుకని మొదటి బ్యాచ్‌లో 2 మి.లీ. మాత్రమే పోశాం, అంటే 3 ఈక్వివలెంట్లు (ఒక్కో క్వినోలిన్ అణువుకి మూడు డైఅమీన్ అణువులు). తెల్లటి పొడి బోలెడంత వచ్చింది. మిథనాల్‌లో కరగదు. మెల్టింగ్ పాయింట్ చూస్తే 250 దాటినా గొట్టంలో అలాగే కూర్చుంది. డైఅమీన్‌కి రెండు చేతులు. చుట్టూ సరిపడా డైఅమీన్ లేకపోతే రెండో చేత్తో ఇంకో క్వినోలిన్‌ని పట్టేసుకుంటుంది. 10 మి.లీ. అంటే సుమారు 15 ఈక్వివలెంట్లు. అక్కడ పొదుపు చేయొద్దు. సీసా మూతి చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంటే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని, తేమని పీల్చేసిందని అర్థం. కాస్టిక్ పొటాష్ మీద డిస్టిల్ చేసుకుని వాడాలి. ఈ పనంతా ఫ్యూమ్‌హుడ్‌లోనే, దాని ఆవిరి గొంతు పట్టేస్తుంది.

రెండో సంగతి మన ఊరిది. మా ల్యాబ్ చినవాల్తేరు వైపు, కిటికీ తీస్తే సముద్రపు గాలి. వానాకాలంలో రాత్రంతా ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టిన పొడి పొద్దున 2.6 గ్రా. తూగింది. పూర్తిగా వస్తే రావాల్సింది 2.24. అంటే 116 శాతం దిగుబడి! వ్యాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టి, వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా వదిలేస్తే 1.81 దగ్గర ఆగింది. ఇక్కడ ‘గాలికి ఆరబెట్టాం’ అని రాసిన ఏ తూకాన్నీ నేను నమ్మను.

*ఇప్పటిదాకా లెక్క:* డైక్లోరోక్వినోలిన్ 4.0 గ్రా. ఖర్చు. అమీన్ 1.81 గ్రా. (81 శాతం), మెల్టింగ్ పాయింట్ 136–138.

దశ 2: ఫెర్రోసీన్ తగిలించడం

ఎక్కువ సామాను, ఎక్కువ టెన్షన్ ఖర్చయింది ఇక్కడే. కాగితం మీద చాలా సులువు. అమీన్, ఆల్డిహైడ్ కలిసి ఇమీన్ అవుతాయి, బోరోహైడ్రైడ్ వేస్తే అది మళ్లీ అమీన్ అవుతుంది.

1. అమీన్ 0.50 గ్రా., ఫెర్రోసీన్ కార్బాక్సాల్డిహైడ్ 0.48 గ్రా. (2.24 మిల్లీమోల్), పొడి మిథనాల్ 15 మి.లీ., 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ (తేమ పీల్చే గుళికలు) రెండు చెంచాలు.
2. గది ఉష్ణోగ్రతలో రాత్రంతా స్టిరర్ మీద.
3. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్) చూసి, ఇమీన్ అయిందని తేలాకే ముందుకి.
4. ఐస్ బాత్‌లో పెట్టి సోడియం బోరోహైడ్రైడ్ 0.17 గ్రా. చిటికెడు చిటికెడుగా. హైడ్రోజన్ పొంగుతుంది, మూత బిగించొద్దు.
5. గంటన్నర తర్వాత నీళ్లు పోసి, డైక్లోరోమీథేన్‌తో మూడుసార్లు లాగి, సోడియం సల్ఫేట్ మీద ఆరబెట్టి, రోటావేపర్ మీద సాల్వెంట్ ఎగరగొట్టాలి.

మూడో మెట్టు మొదట్లో లేదు. మొదటి బ్యాచ్‌లో రెండు గంటలు కలిపి, టీఎల్‌సీ (సిలికా పూసిన ప్లేట్ మీద చుక్కలుగా విడగొట్టి చూసే పరీక్ష) చూసి ముందుకెళ్లాం. ప్లేట్ మీద నారింజ రంగు ఆల్డిహైడ్ చుక్క కనిపించింది. ఇంకో గంట ఆగినా అంతే ఉంది. రియాక్షన్ ఆగిపోయిందేమో, ఇక చాలనుకుని బోరోహైడ్రైడ్ వేశాం. చివరికి చేతికొచ్చిన ఎఫ్ 0.15 గ్రా. రావాల్సిన 0.94లో 16 శాతం. మిగతాదంతా పసుపు రంగు ఫెర్రోసీన్ మిథనాల్. ఇమీన్ కాకుండా మిగిలిపోయిన ఆల్డిహైడ్‌ని బోరోహైడ్రైడ్ ఆల్కహాల్ చేసి పడేసింది.

ఈ పనికి టీఎల్‌సీని నమ్మలేం. సిలికాకి కాస్త ఆమ్ల గుణం ఉంది, దాని మీద తేమ ఉంది. ఇమీన్ అక్కడికి చేరగానే విరిగిపోయి మళ్లీ ఆల్డిహైడ్ చుక్కే చూపిస్తుంది. ఫ్లాస్క్‌లో పని పూర్తయినా ప్లేట్ మీద కాలేదనే అంటుంది. అందుకే ఒక చుక్క తీసి, మిథనాల్ ఎగరగొట్టి ఐఆర్ తీయాలి. ఆల్డిహైడ్ 1680 దగ్గర నిలబడి ఉంటే ఆగాలి. అది పడిపోయి 1640 దగ్గర ఇమీన్ లేస్తే పెట్టొచ్చు బోరోహైడ్రైడ్.

రెండో మార్పు సీవ్స్. సీసాలోంచి తీసి నేరుగా వేస్తే ఈ ఊళ్లో అవి గులకరాళ్లతో సమానం, అప్పటికే నీళ్లు తాగి ఉంటాయి. మఫుల్ ఫర్నేస్‌లో 300 డిగ్రీల దగ్గర 3 గంటలు వేడి చేసి, డెసికేటర్‌లో చల్లార్చి వాడాం. బోరోహైడ్రైడ్ కూడా అంతే. గడ్డ కట్టిన సీసా పక్కన పెట్టేసి కొత్తది తెరిచాం. ఐస్‌కి మాత్రం లోటు లేదు. మా ఐస్ మెషిన్ పాడైన వారం అటెండర్ బాబాయ్ ఫిషింగ్ హార్బర్ నుంచి బస్తాడు ఐస్ తెప్పించాడు. రెండు రోజులు ల్యాబంతా చేపల వాసనే.

కాలమ్ (ముడి సరుకుని సిలికా గొట్టం గుండా దింపి శుభ్రం చేయడం) దగ్గర ఇంకో దెబ్బ. మామూలు సిలికా నింపి పైన ముడి సరుకు పోస్తే, పై అంగుళం మేర నారింజ రంగు కాస్తా ఆకుపచ్చకి తిరిగింది. బాబాయ్ వెనకనించి చూసి ‘ఏటమ్మా, మళ్లీ పచ్చగైపోనాదా?’ అన్నాడు. కాలమ్ పచ్చబడితే ఆ రోజు మేం ఎవరితోనూ మాట్లాడమని ఆయనకి తెలుసు. ఆమ్లం, గాలి కలిస్తే ఫెర్రోసీన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రోసీనియం అవుతుంది, దాని రంగే ఆ నీలం కలిసిన పచ్చ. పచ్చబడ్డది కిందికి దిగదు. మందు సిలికాలోనే ఉండిపోతుంది.

మార్చింది ఇది: 1 శాతం ట్రైఇథైలమీన్ కలిపిన డైక్లోరోమీథేన్‌తో సిలికాని ముందే కడిగి, తర్వాత సరుకు పోయడం. ఆ తర్వాత పచ్చదనం లేదు. ఫెర్రోసీన్‌తో పని చేయడంలో ఉన్న హాయి ఏంటంటే యూవీ ల్యాంప్ లేకుండానే కాలమ్ కనబడుతుంది. ముందు నారింజ-ఎరుపు పట్టీ, అది ఆల్డిహైడ్. దాని వెనక లేత పసుపు, ఫెర్రోసీన్ మిథనాల్. ఈ రెండూ దిగిపోయాక 5 శాతం మిథనాల్ కలిపితే అప్పటిదాకా పైనే కూర్చున్న ముదురు పసుపు పట్టీ కదులుతుంది. అదే ఎఫ్.

రోటావేపర్ నుంచి దిగినప్పుడు 0.68 గ్రా. ఎన్‌ఎంఆర్‌లో 5.3 దగ్గర డైక్లోరోమీథేన్, 1.0 దగ్గర ట్రైఇథైలమీన్ ఇంకా కూర్చుని ఉన్నాయి. 40 డిగ్రీల దగ్గర హై వ్యాక్యూమ్‌లో పెట్టాక 0.61 గ్రా. (65 శాతం). చూసుకోవాల్సిన పీకులు: 4.1 చుట్టుపక్కల ఫెర్రోసీన్, 3.5 దగ్గర ఫెర్రోసీన్‌కి ఆనుకుని ఉన్న సీహెచ్2, 8.5 దగ్గర, 6.3 దగ్గర క్వినోలిన్ డబ్లెట్లు. 9.9 దగ్గర ఏమీ ఉండకూడదు. ఉంటే ఆల్డిహైడ్ మిగిలినట్టే.

*ఇప్పటిదాకా లెక్క:* ఎఫ్ 0.61 గ్రా. శుభ్రమైనది. మొదటి బ్యాచ్ 0.15 టీఎల్‌సీ పోలికలకి పక్కన పెట్టాం. అమీన్ మిగిలింది 0.81 గ్రా.

దశ 3: లోహం లేని జంట

అదే పద్ధతి, బెంజాల్డిహైడ్ 0.24 గ్రా. పాత సీసా అయితే సగం బెంజోయిక్ యాసిడ్ అయిపోయి ఉంటుంది, సోడియం బైకార్బొనేట్‌తో కడిగి డిస్టిల్ చేయాలి. ఇందులో రంగు లేదు, కాలమ్ అంతా యూవీ ల్యాంప్ కిందే. పి 0.52 గ్రా. (74 శాతం). ఇంకేం గొడవ చేయలేదు.

*అమీన్ మిగిలింది:* 0.31 గ్రా.

దశ 4: క్లోరోక్విన్‌ని బేస్‌గా (ఫాస్ఫేట్ లేని రూపంగా) మార్చడం

క్లోరోక్విన్ డైఫాస్ఫేట్ నీళ్లలో చక్కగా కరుగుతుంది, డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే సాల్వెంట్‌లో కరగదు. ఎఫ్, పి డీఎంఎస్‌ఓలోనే కరుగుతాయి. మూడూ ఒకే సాల్వెంట్‌లో లేకపోతే పోలిక చెడుతుంది. కాబట్టి డైఫాస్ఫేట్ 1.0 గ్రా. నీళ్లలో కరిగించి, అమోనియాతో పీహెచ్ 10 దాటించి, డైక్లోరోమీథేన్‌లోకి లాగాం. పొరలు విడిపోక పాలలా అయిపోతే కాస్త ఉప్పు వేసి ఓపిక పట్టాలి. ముందు జిగురు నూనెలా వస్తుంది. హెక్సేన్ పోసి గాజు కడ్డీతో గీకుతూ ఉంటే గట్టిపడుతుంది. 0.62 రావాలి, 0.55 గ్రా. వచ్చింది.

ఒక జాగ్రత్త: డైఫాస్ఫేట్ మాలిక్యులర్ వెయిట్ 515.9, బేస్‌ది 319.9. మిల్లీగ్రాముల లెక్కన పోలిస్తే అంకెలన్నీ తప్పుతాయి. మోల్స్‌లోనే పోల్చాలి.

దశ 5: హీమ్ పరీక్ష

పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో కూర్చుని హిమోగ్లోబిన్ తింటుంది. తినగా మిగిలే హీమ్ (హిమోగ్లోబిన్‌లోని ఇనుమున్న భాగం) దానికే విషం. అందుకని ఆ హీమ్‌ని జతలు జతలుగా పేర్చి గట్టి స్ఫటికంగా మార్చి పక్కన పెట్టేస్తుంది. దాని పేరు హీమోజోయిన్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవిని పట్టుకున్నది ఈ నల్లటి రేణువుల గుర్తుతోనే. క్లోరోక్విన్ చేసేది ఈ స్ఫటికం కట్టకుండా ఆపడం. పరాన్నజీవి లేకుండానే, హీమిన్‌ని (సీసాలో దొరికే హీమ్ రూపం) ఆమ్ల బఫర్‌లో పెట్టి ఇదే స్ఫటికాన్ని ప్లేట్‌లో పండించొచ్చు. అప్పుడు దాన్ని బీటా హీమాటిన్ అంటాం.

1. హీమిన్ 52 మి.గ్రా. 10 మి.లీ. డీఎంఎస్‌ఓలో (8 మిల్లీమోలార్). ఏ రోజుది ఆ రోజే.
2. 96 గుంటల ప్లేట్‌లో ఒక్కో గుంటకి హీమిన్ 50 మైక్రోలీటర్లు, మందు 50, పీహెచ్ 5 దగ్గర 8 మోలార్ అసిటేట్ బఫర్ 100.
3. 37 డిగ్రీల దగ్గర 18 గంటలు.
4. సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవం తీసేసి, డీఎంఎస్‌ఓతో కడగాలి. రంగు దిగడం ఆగేదాకా.
5. మిగిలిన స్ఫటికాన్ని 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, పలచన చేసి, 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

మొదటి ప్లేట్‌లో చెడినవి వరసగా:

బఫర్. 8 మోలార్ అంటే సోడియం అసిటేట్ దాదాపు నీళ్లు పట్టగలిగినంత. ఏసీ గదిలో పెడితే అడుగున స్ఫటికాలు దిగి పిపెట్ టిప్‌లో అడ్డుపడ్డాయి. సగం గుంటల్లో బఫర్ తక్కువ పడింది. ఇప్పుడు వాడే ముందు 40 డిగ్రీల నీళ్లలో పెట్టి, పూర్తిగా కరిగాక మాత్రమే తీస్తున్నాం.

రీడర్. పలచన చేయకుండా పెడితే మందు లేని గుంటలు, ఉన్న గుంటలు అన్నీ 4 దగ్గరే నిలబడ్డాయి. మీటర్ ముల్లు చివరికి కొట్టుకుంది, అంతే. వంద రెట్లు పలచన చేశాక 1కి లోపు దిగి తేడాలు కనిపించాయి.

అంచు గుంటలు. 18 గంటల్లో అంచుల్లో ఆవిరైపోయి, మూత మీద తడి, గది నిండా వెనిగర్ వాసన. అంచు వరసలన్నీ ఖాళీ బఫర్‌తో నింపేసి, లోపలి గుంటలే వాడుతున్నాం. ప్లేట్ చుట్టూ సీల్ టేప్.

డీఎంఎస్‌ఓ. దీని వెనక చాలా వెతుకులాట ఉంది. డీఎంఎస్‌ఓ ఎక్కువైతే స్ఫటికం సరిగా కట్టదు, కాబట్టి మందు లేని గుంటలో కూడా అంతే డీఎంఎస్‌ఓ పడాలి. అది చేశాక కూడా వారానికో రకం అంకెలు వచ్చేవి. స్వచ్ఛమైన డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది. మా పాత సీసాని ఫ్రిజ్ బయటి అరలో పెడితే రాత్రంతా నీళ్లలాగే ఊగుతూ ఉంది, కొత్తది తెల్లగా రాయి అయింది. పాతది నీళ్లు తాగేసిందని ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పుడు చిన్న సీసాలే కొంటున్నాం, తెరిచే ముందు ఫ్రిజ్ పరీక్ష తప్పనిసరి.

ఎఫ్‌ని హీమిన్‌కి 4 ఈక్వివలెంట్ల దగ్గర పెడితే పసుపు మడ్డిగా కిందికి దిగింది, అక్కడి అంకెకి విలువ లేదు. 4 తీసేసి 1.5 చేర్చాం. ఇప్పటి వరస: 0.25, 0.5, 1, 1.5, 2.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఫెర్రోసీన్ పక్కనున్న కార్బన్ ఆమ్లంలో అమీన్‌ని వదిలేసే స్వభావం ఉన్నది. 18 గంటలు పీహెచ్ 5లో ఎఫ్ నిలుస్తుందా? హీమిన్ లేకుండా ఎఫ్‌ని ఒక్కదాన్నే బఫర్‌లో అంతసేపూ ఉంచి, క్షారం చేసి, లాగి టీఎల్‌సీ చూశాం. ఎఫ్ చుక్క అలాగే ఉంది, ఫెర్రోసీన్ మిథనాల్ చుక్క రాలేదు. కిటికీ దగ్గర వెలుతురులో ఉంచిన డీఎంఎస్‌ఓ స్టాక్ మాత్రం కొన్నాళ్లకి పచ్చగోధుమ రంగుకి తిరిగింది. ద్రావణంగా దాచొద్దు, పొడి రూపంలోనే చీకట్లో దాచాలి.

ఒక్కో మందు మూడేసి గుంటల్లో, వేర్వేరు ప్లేట్లలో. సగం స్ఫటికాన్ని ఆపడానికి హీమిన్‌కి ఎన్ని ఈక్వివలెంట్లు కావాల్సి వచ్చిందంటే:

- క్లోరోక్విన్: 1.6 నుంచి 1.9
- ఎఫ్: 1.2 నుంచి 1.5
- పి: 1.3 నుంచి 1.7

పి లేకుండా ఉంటే ఎఫ్ క్లోరోక్విన్‌ని దాటింది, ఇనుము పని చేసింది అని రాసేసేవాళ్లం. పి కూడా దాదాపు దాటింది. ఎఫ్, పి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ప్లేట్‌లో ఇనుముకి ప్రత్యేకమైన లాభం కనిపించలేదు. క్లోరోక్విన్‌తో తేడా ఏదైనా ఉంటే అది గొలుసుది, కొసన ఉన్న వలయానిది. మా గైడ్ మేడమ్ ఈ పట్టిక చూసి ‘ఇది నెగెటివ్ రిజల్ట్ అనకు, సగం ప్రశ్నకి జవాబు అను’ అన్నారు.

మిగతా సగం ప్లేట్‌లో తేలేది కాదు. క్లోరోక్విన్‌కి లొంగని ఫాల్సిపారమ్‌లో (ప్రాణాంతకమైన మలేరియా తెచ్చే పరాన్నజీవి రకం), హీమ్ పేరుకునే సంచి గోడలో పీఎఫ్‌సీఆర్‌టీ అనే ప్రోటీన్ మారిపోయి ఉంటుంది. 76వ స్థానంలో లైసిన్ బదులు థ్రియోనిన్. ఆ మార్పుతో అది మందుని సంచిలోంచి బయటికి తోసేస్తుంది. మన దేశంలో ఈ మొండితనం మొదట బయటపడింది 1973లో, అస్సాంలో. పాడేరు, అరకు వైపు ఆరోగ్య కేంద్రాల్లో కూడా ఇప్పుడు ఫాల్సిపారమ్ అని తేలితే ఆర్టిమిసినిన్ కాంబినేషనే ఇస్తారు. క్లోరోక్విన్ ఇచ్చేది వైవాక్స్ అనే ఇంకో రకానికి, దాంతో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు. ఫెర్రోక్విన్ పేరు తెచ్చుకున్నది మొండి రకాల మీద కూడా పని చేసినందుకే. కానీ ఫెర్రోక్విన్‌లో ఫెర్రోసీన్ గొలుసు మధ్యలో ఉంది, మాదాంట్లో కొసన ఉంది. దానికి వచ్చిన ఫలితం దీనికీ వస్తుందనుకోడానికి లేదు.

దశ 6: పంపడం

పరాన్నజీవిని పెంచే సదుపాయం మా దగ్గర లేదు, ఉన్న ల్యాబ్‌కి పంపాం. అడిగినవి:

1. ఫాల్సిపారమ్‌లో 3డీ7 (క్లోరోక్విన్‌కి లొంగేది), డీడీ2 (లొంగనిది) అనే రెండు రకాల మీదా.
2. ఎఫ్, పి, క్లోరోక్విన్ బేస్ మూడూ ఒకే ప్లేట్‌లో.
3. మామూలు మనిషి కణాల మీద విషప్రభావం విడిగా. అది లేకుండా పరాన్నజీవిని చంపిందన్న మాటకి విలువ లేదు, యాసిడ్ కూడా చంపుతుంది.

ఒక్కోటి 10 మి.గ్రా., గోధుమ రంగు సీసాల్లో, పేర్లు లేకుండా నంబర్లతో. ఏది ఏదో పరీక్షించేవాళ్లకి తెలియకూడదని నంబర్లు వేశాం కానీ, పసుపు పచ్చని పొడి ఏదో మూత తీసినవాడికి ఎవడికైనా తెలుస్తుంది. సీసా రంగు గోధుమ అయినా మూత తీయక తప్పదు కదా. ఇంకో ఉపాయం దొరికే వరకూ ఇంతే.

చూడాల్సింది ఒక్కటే అంకె: డీడీ2 ఐసీ50ని (పరాన్నజీవి పెరుగుదలని సగానికి తగ్గించే మోతాదు) 3డీ7 ఐసీ50తో భాగిస్తే ఎంత. క్లోరోక్విన్‌కి అది పెద్దగా వస్తుంది. ఎఫ్‌కి చిన్నగా, పి‌కి పెద్దగా వస్తే ఇనుము గురించి మాట్లాడొచ్చు. రెండింటికీ ఒకేలా వస్తే ఫెర్రోసీన్ మీద పెట్టిన డబ్బు, కాలమ్ మీద పోసిన ట్రైఇథైలమీన్ వదిలేసి గొలుసు పొడవు మీద పని చేయాలి.

*చేతిలో మిగిలింది:* ఎఫ్ 0.52 గ్రా., పి 0.46 గ్రా., క్లోరోక్విన్ బేస్ 0.49 గ్రా., అమీన్ 0.31 గ్రా., హీమిన్ ఇంకో నాలుగు ప్లేట్లకి సరిపడా. ప్రొపేన్-1,3-డైఅమీన్ ఆర్డర్ పెట్టాం. మూడు కార్బన్ల గొలుసుతో ఎఫ్, పి జంటని మళ్లీ దశ 1 నుంచి మొదలుపెడతాం, ఈసారి 15 ఈక్వివలెంట్లతోనే.